కాస్త వేగమైన ప్రాసెసర్‌కి ఎక్కువ డబ్బు పెట్టాలా? మీ పనిని బట్టి తేల్చుకునే పద్ధతి

ల్యాప్‌టాప్ కొనడానికి షాపుకి వెళ్లినా, ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో చూసినా, చివరికి రెండు మోడళ్ల దగ్గర ఆగిపోతాం. స్క్రీన్ ఒకటే, ర్యామ్ ఒకటే, బాడీ ఒకటే. ఒకదాంట్లో ఐ5 ప్రాసెసర్, ఇంకోదాంట్లో ఐ7. తేడా ఏడెనిమిది వేలు. "ఎలాగూ ఇంత పెడుతున్నారు, ఇంకొంచెం వేసుకుంటే ఐ7 వచ్చేస్తుంది సార్" అంటారు షాపువాళ్లు. పిల్లల బీటెక్ కోసం కొంటుంటే ఆ మాట ఇంకా గట్టిగా తగులుతుంది. తక్కువది తీసుకుంటే వాళ్ల చదువుకే తక్కువ చేశామేమో అనిపిస్తుంది. అప్పు చేసి మరీ పెద్ద నంబర్ కొన్న ఇళ్లు చాలా ఉన్నాయి, అందుకే ఇది వివరంగా రాస్తున్నాను.

ఆ ఏడెనిమిది వేలకు మీకు దక్కేది ముఖ్యంగా ఒక్కటే: ఎదురుచూసే సమయం తగ్గడం. అది ఎంత తగ్గుతుందో కొనకముందే లెక్క వేసుకోవచ్చు. ఒక కాగితం, ఫోన్‌లో స్టాప్‌వాచ్, ఇప్పుడు మీరు వాడుతున్న కంప్యూటర్ ఉంటే చాలు. ఈ పద్ధతి దగ్గర దగ్గరగా ఉన్న రెండు ప్రాసెసర్లలో ఒకదాన్ని ఎంచుకోవడానికి. పదేళ్ల పాత కంప్యూటర్‌ని మార్చాలా వద్దా అన్నది వేరే సంగతి, అక్కడ తేడా ఎలాగూ చాలా పెద్దదిగా ఉంటుంది.

మొదటి మెట్టు: పూర్తి మోడల్ నంబర్ రాసుకోండి

ఇంటెల్ కంపెనీ ఐ5, ఐ7, ఏఎండీ కంపెనీ రైజెన్ 5 అనేవి ఇంటిపేర్ల లాంటివి. అసలు మనిషెవరో తెలియాలంటే వెనకాల ఉన్న అంకెలూ అక్షరాలూ కావాలి. కొటేషన్‌లో "ఐ5, 12వ జనరేషన్" అని మాత్రమే రాసిస్తే, పూర్తి నంబర్ అడిగి రాయించుకోండి. ఆ నంబర్‌ని ఇంటెల్ లేదా ఏఎండీ వెబ్‌సైట్‌లో వెతికితే వివరాల పేజీ వస్తుంది. రెండు ప్రాసెసర్లకూ కోర్లు (చిప్ లోపల పని చేసే భాగాలు), థ్రెడ్లు (ఒకేసారి నడవగల పనుల వరసలు), గిగాహెర్ట్జ్‌లలో గరిష్ఠ వేగం, క్యాష్ (చిప్ లోపలి చిన్న, వేగమైన మెమరీ), వాట్లు పక్కపక్కన రాసుకోండి.

ఒక నిజమైన జంటను చూద్దాం. ఇంటెల్ 12వ తరం ల్యాప్‌టాప్‌లలో కోర్ ఐ5-1235యూ, కోర్ ఐ7-1255యూ బాగా కనిపించేవి. రెండింటిలోనూ 2 పెద్ద కోర్లు, 8 చిన్న కోర్లు. రెండింటిలోనూ 12 థ్రెడ్లు, 12 ఎంబీ క్యాష్. రెండింటి బేస్ పవర్ (నిలకడగా నడిచేటప్పుడు వాడే కరెంటు) 15 వాట్లే. ఐ5 గరిష్ఠంగా 4.4 గిగాహెర్ట్జ్ వరకు వెళ్తుంది, ఐ7 4.7 వరకు. అంటే తేడా 6.8 శాతం. లోపలి గ్రాఫిక్స్ (తెర మీది బొమ్మను తయారుచేసే భాగం) ఐ7లో కాస్త పెద్దది, 80 యూనిట్లకు బదులు 96 ఉంటాయి. తర్వాతి తరంలోనూ అంతే: ఐ5-1335యూ 4.6, ఐ7-1355యూ 5.0 గిగాహెర్ట్జ్. కోర్లూ క్యాషూ మళ్లీ సమానమే. ఐ7 అనగానే కోర్లు ఎక్కువ ఉంటాయని అనుకుంటాం. డెస్క్‌టాప్‌లలో చాలావరకు అది నిజమే కానీ, సన్నటి ల్యాప్‌టాప్‌లలో ప్రతిసారీ కాదు.

డెస్క్‌టాప్‌లో రైజెన్ 5 5600, 5600ఎక్స్ జంట ఉంది. 5600ఎక్స్ 2020 నవంబర్‌లో 299 డాలర్లకు వచ్చింది. 5600 ఏడాదిన్నర తర్వాత, 2022 ఏప్రిల్‌లో 199 డాలర్లకు వచ్చింది. రెండూ 6 కోర్లు, 12 థ్రెడ్లు, 32 ఎంబీ ఎల్3 క్యాష్. ఒకటి 4.4, ఇంకొకటి 4.6 గిగాహెర్ట్జ్. నాలుగున్నర శాతం తేడా.

ఇలాంటి జంటలు ఎందుకు పుడతాయో తెలిస్తే భయం తగ్గుతుంది. ఒకే డిజైన్‌తో తయారైన చిప్‌లన్నీ ఒకేలా రావు. కంపెనీ వాటిని పరీక్షించి, ఎక్కువ వేగాన్ని తట్టుకునేవాటికి పెద్ద నంబర్, మిగతావాటికి చిన్న నంబర్ వేసి అమ్ముతుంది. కాబట్టి చిన్న నంబర్ అంటే నాసిరకం సరుకు కాదు. అదే డిజైన్, కాస్త తక్కువ వేగం.

గిగాహెర్ట్జ్‌తో పోల్చడం ఒకే తరం, ఒకే డిజైన్ చిప్‌ల మధ్యనే పనికొస్తుంది. ఇంటెల్ పెంటియం 4 2004లోనే 3.8 గిగాహెర్ట్జ్ చేరుకుంది. కోర్ ఐ5-12400 గరిష్ఠ వేగం 4.4. అంకెల్లో పెద్ద తేడా లేదు కానీ, పనిలో ఆ రెంటికీ పోలికే లేదు. ఒక్కోసారి ఇది తిరగబడుతుంది కూడా. 2022లో వచ్చిన రైజెన్ 7 5800ఎక్స్3డీ వేగం, అంతకుముందు వచ్చిన 5800ఎక్స్ కన్నా తక్కువ, 4.7కి బదులు 4.5. అయినా గేముల్లో చాలాచోట్ల అదే ముందుంటుంది. కారణం క్యాష్, 32 ఎంబీకి బదులు 96 ఎంబీ ఉంది.

పేర్లు కూడా తప్పుదారి పట్టిస్తాయి. రైజెన్ 5 7520యూ, రైజెన్ 5 7530యూ చూడటానికి కవలల్లా ఉంటాయి. మొదటిది పాత జెన్ 2 డిజైన్, 4 కోర్లు. రెండోది జెన్ 3, 6 కోర్లు. పది నంబర్ల తేడా వెనక ఇంత పెద్ద దూరం ఉంది, ఇక్కడ కొంచెం ఎక్కువ పెట్టడం న్యాయమే. మరోవైపు రైజెన్ 5 5625యూ, 7530యూ మధ్య నంబర్ రెండు వేలు దూకినట్టుంటుంది కానీ, రెండూ 6 కోర్ల జెన్ 3 చిప్‌లే. అందుకే ముందు నంబర్ రాయించుకోమన్నది.

ఈ మెట్టు దగ్గరే చాలామందికి సమాధానం దొరికేస్తుంది. కోర్లు, క్యాష్ సమానంగా ఉండి, వేగం తేడా పది శాతం లోపు ఉంటే, దాన్ని "కాస్త వేగం" అనుకోండి. కోర్ల సంఖ్యే మారితే అది చిన్న తేడా కాదు, ఆ పోలిక వేరేగా చేయాలి.

రెండో మెట్టు: మీ కంప్యూటర్ ఎక్కడ ఆగుతోందో చూడండి

"స్లోగా ఉంది", "హ్యాంగ్ అవుతోంది" అనగానే తప్పు ప్రాసెసర్ మీద పడుతుంది. చాలాసార్లు కారణం అది కాదు.

విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్ పేజీ తెరిచి పక్కన ఉంచుకోండి. ఇప్పుడు మిమ్మల్ని రోజూ విసిగించే పని చేయండి. పెద్ద ఎక్సెల్ ఫైల్ తెరవడమో, వీడియో ఎక్స్‌పోర్టో, ప్రోగ్రామ్ బిల్డో (రాసిన కోడ్‌ని నడిచే ప్రోగ్రామ్‌గా మార్చడం), ఏదైనా సరే. మీరు ఎదురుచూస్తున్న ఆ నిమిషంలో ఏ గీత పైకి లేస్తోందో గమనించండి.

డిస్క్ 100 శాతం దగ్గర ఉండి సీపీయూ (అంటే ప్రాసెసర్) 20 దగ్గర ఆడుతుంటే, ఆలస్యం నిల్వ దగ్గర. పాత హార్డ్‌డిస్క్ ఉన్న మెషిన్లలో ఇదే ఎక్కువ. మామూలు హార్డ్‌డిస్క్ సెకనుకు 100 నుంచి 150 ఎంబీ చదివితే, సాధారణ సాటా ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని నిల్వ) 500 ఎంబీకి పైగా చదువుతుంది. చిన్న చిన్న ఫైళ్ల దగ్గర తేడా ఇంకా ఎన్నో రెట్లు ఉంటుంది. ఇలాంటి మెషిన్‌లో ఎంత గొప్ప ప్రాసెసర్ పెట్టినా అది ఖాళీగా కూర్చుంటుంది.

మెమరీ 90 శాతం దాటి, ట్యాబ్ మార్చినప్పుడల్లా డిస్క్ కూడా ఎగిరిపడుతుంటే ర్యామ్ చాలడం లేదు. అన్ని గీతలూ కిందే ఉండి పేజీ మాత్రం తిరుగుతూ ఉంటే అది ఇంటర్నెట్, లేదా అవతలి సర్వర్. ఫలితాల రోజు వెబ్‌సైట్ తెరుచుకోకపోతే ఐ9 ఉన్నా అంతే.

ఒక మోసం ఉంది, జాగ్రత్త. సీపీయూ 8 లేదా 9 శాతం అని చూపిస్తే "ప్రాసెసర్ ఖాళీగానే ఉంది" అనుకోవద్దు. 12 థ్రెడ్ల చిప్‌లో ఒక్క థ్రెడ్ పూర్తిగా నిండితే మొత్తం మీద కనిపించేది సుమారు 8 శాతమే. పాత సాఫ్ట్‌వేర్లు, కొన్ని పెద్ద ఎక్సెల్ లెక్కలు, ఫొటోషాప్‌లో కొన్ని పనులు ఒకే కోర్ మీద నడుస్తాయి. సీపీయూ గ్రాఫ్ మీద రైట్ క్లిక్ చేసి, చేంజ్ గ్రాఫ్ టు దగ్గర లాజికల్ ప్రాసెసర్స్ ఎంచుకోండి. చిన్న చిన్న గళ్లు వస్తాయి. పని జరుగుతున్నంతసేపూ వాటిలో ఒకటో రెండో నిండుగా ఉంటే ఒక కోర్ వేగమే మీకు అడ్డం. అన్ని గళ్లూ నిండితే మీ పని కోర్లన్నింటినీ వాడుకుంటోంది. ఈ రెండు సందర్భాల్లోనే వేగమైన ప్రాసెసర్ గురించి ఆలోచించడం అర్థవంతం.

ఒక్కసారి చూసి తేల్చేయకండి. మామూలు పని రోజుల్లో ఓ వారంపాటు, మీరు ఆగిపోయిన ప్రతిసారీ ఏ పని, సుమారుగా ఎంతసేపు, ఏ గీత నిండింది అని రాసుకోండి. వారం తర్వాత ఆ కాగితం చూస్తే ఎవరి సలహా అక్కర్లేకుండానే సగం నిర్ణయం అయిపోతుంది.

మూడో మెట్టు: వేగం తగ్గించి చూడండి

కొత్త ప్రాసెసర్ వల్ల ఎంత లాభమో తెలుసుకోవడానికి, ఉన్న ప్రాసెసర్ వేగాన్ని కాసేపు తగ్గించి చూడటం మంచి ఉపాయం. ఖర్చు లేదు, ప్రమాదం లేదు.

కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కి వెళ్లి, మీ ప్లాన్ సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ పవర్ సెట్టింగ్స్ తెరవండి. ప్రాసెసర్ పవర్ మేనేజ్‌మెంట్ కింద మ్యాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్ అని ఉంటుంది. దాన్ని 100 నుంచి 99కి మార్చండి. చాలా మెషిన్లలో అలా చేస్తే టర్బో, అంటే అవసరమైనప్పుడు చిప్ వేగాన్ని తానే పెంచుకోవడం, ఆగిపోతుంది. టాస్క్ మేనేజర్‌లో స్పీడ్ దగ్గర చూస్తే నిజంగా తగ్గిందో లేదో తెలుస్తుంది. కొన్ని కొత్త ల్యాప్‌టాప్‌లలో ఈ ఆప్షన్ కనిపించదు, అలాంటప్పుడు ఈ మెట్టు వదిలేసి ముందుకెళ్లండి.

ఇప్పుడు మీ పనిని స్టాప్‌వాచ్‌తో రెండుసార్లు కొలవండి, 100 దగ్గర ఒకసారి, 99 దగ్గర ఒకసారి. ఉదాహరణకు స్పీడ్ 4 గిగాహెర్ట్జ్ నుంచి 2.5కి పడిపోయిందనుకుందాం. అంటే ప్రాసెసర్ చేసే పనికి 1.6 రెట్లు సమయం పడుతుంది. మీ పని 60 సెకన్ల నుంచి 78 సెకన్లకు పెరిగింది. పెరిగిన 18 సెకన్లను, ఆ 1.6లో పెరిగిన భాగమైన 0.6తో భాగిస్తే 30 వస్తుంది. మొదటి 60 సెకన్లలో ప్రాసెసర్ వాటా ఆ 30 సెకన్లే. మిగతా 30 డిస్క్, ర్యామ్, ఇంకేదో తీసుకుంటున్నాయి.

అలాంటప్పుడు 6.8 శాతం వేగమైన చిప్ వేస్తే ఆ 30 సెకన్లు మాత్రమే 28కి దగ్గరగా తగ్గుతాయి. మొత్తం పని 60 నుంచి 58కి వస్తుంది. రెండు సెకన్లు. ఇది జీన్ ఆమ్‌డాల్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 1967లో చెప్పిన సూత్రం నుంచి వచ్చే ఆలోచనే. ఆయన చాలా ప్రాసెసర్లను కలిపి వాడటం గురించి చెప్పాడు కానీ, విషయం ఒకటే: ఒక భాగాన్ని ఎంత వేగవంతం చేసినా, ముట్టుకోని భాగం అలాగే మిగిలిపోతుంది.

టర్బో మొత్తం ఆపేసినా మీ పనిలో తేడా కనిపించకపోతే, ఇంకో ఏడు శాతం కోసం వేలు పెట్టాల్సిన అవసరం మీకు లేదు. ఇది నేను చాలా నమ్మకంగా చెప్పగలను. పరీక్ష అయ్యాక సెట్టింగ్‌ని మళ్లీ 100కి మార్చడం మర్చిపోకండి.

నాలుగో మెట్టు: నిమిషాలను రూపాయలతో పోల్చండి

ధర తేడా 8,000 రూపాయలు, మెషిన్ నాలుగేళ్లు వాడతారు, ఏడాదికి 300 రోజులు. మొత్తం 1,200 రోజులు.

మీ కాగితం ప్రకారం ప్రాసెసర్ వల్ల రోజుకు 10 నిమిషాలు ఎదురుచూస్తున్నారనుకుందాం. చిప్ 6.8 శాతం వేగమైతే రోజుకు సుమారు 38 సెకన్లు మిగులుతాయి. నాలుగేళ్లకు పన్నెండున్నర గంటలకు కాస్త పైన. అంటే మిగిలిన ఒక్కో గంటకు 630 రూపాయల దాకా ఇస్తున్నారు. అదీ 38 సెకన్ల ముక్కలుగా వస్తుంది. ఆ ముక్కలతో ఎవరూ ఏమీ చేసుకోలేరు.

రోజుకు రెండు గంటలు ఎక్స్‌పోర్ట్ కోసమో రెండరింగ్ కోసమో ఆగేవాళ్ల లెక్క వేరు. మీ పనిలో నిజంగా 10 శాతం వేగం వస్తే రోజుకు దాదాపు 11 నిమిషాలు, నాలుగేళ్లకు దాదాపు 218 గంటలు. గంటకు 37 రూపాయలు. ఇలాంటివాళ్లు వెనకాడకుండా కొనొచ్చు, అది పెట్టుబడి.

లెక్కలో ఒక్క నియమం కచ్చితంగా పాటించండి. మీరు కుర్చీలో కూర్చుని ఎదురుచూసే సమయాన్నే లెక్కపెట్టండి. రాత్రి ఎక్స్‌పోర్ట్ పెట్టి పడుకుంటే అది ఐదు గంటలు పట్టినా, నాలుగున్నర పట్టినా మీకు ఒకటే.

ఐదో మెట్టు: వేడిని లెక్కలోకి తీసుకోండి

మన దగ్గర కొనేవాళ్లు ఈ మెట్టు మీద ఎక్కువసేపు ఆగాలి. స్పెసిఫికేషన్‌లో రాసిన 4.7 గిగాహెర్ట్జ్ కొద్దిసేపు మాత్రమే అందే వేగం. 1235యూ, 1255యూ రెండింటికీ గరిష్ఠ టర్బో పవర్ 55 వాట్లు, బేస్ పవర్ 15 వాట్లు. పని మొదలైనప్పుడు చిప్ పైకి లేస్తుంది, కాసేపటికి ల్యాప్‌టాప్ కంపెనీ పెట్టిన పరిమితికి దిగిపోతుంది. అప్పుడు రెండు చిప్‌లూ ఇంచుమించు ఒకే కరెంటుతో, ఒకే వేడితో నడుస్తాయి కాబట్టి ఇంచుమించు ఒకే వేగంతో నడుస్తాయి. క్షణంలో అయిపోయే పనుల్లో ఐ7 కాస్త ముందుంటుంది, కానీ అక్కడ మీకు తేడా తెలియదు. తేడా అవసరమైన అరగంట పనిలో అది కరిగిపోతుంది.

పైగా పరిమితిని ఎక్కడ పెట్టాలన్నది ల్యాప్‌టాప్ కంపెనీ ఇష్టం. అందుకే మంచి ఫ్యాన్లు, దళసరి బాడీ ఉన్న ఐ5 ల్యాప్‌టాప్, పలచటి ఐ7 ల్యాప్‌టాప్‌ని దాటిపోవడం మామూలే. రామగుండంలోనో, విజయవాడలోనో మే నెల మధ్యాహ్నం, ఏసీ లేని హాస్టల్ గదిలో మంచం మీద పెట్టి వాడే ల్యాప్‌టాప్‌కి గదిలోని గాలే 40 డిగ్రీలు దాటి ఉంటుంది. ఫ్యాన్ ఆ గాలినే లోపలికి తీసుకోవాలి. చిప్ 100 డిగ్రీల దగ్గరకు వెళ్లగానే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. అక్కడ 4.7 అయినా 4.4 అయినా కాగితం మీద మిగిలిపోతాయి.

రివ్యూ చూసేటప్పుడు ప్రాసెసర్ రివ్యూ కాదు, సరిగ్గా ఆ ల్యాప్‌టాప్ మోడల్ రివ్యూ చూడండి. ప్రాసెసర్ వేగాన్ని కొలిచే సినీబెంచ్ అనే ప్రోగ్రామ్‌ను ఒకసారి కాకుండా పది నిమిషాలు, అరగంట వరుసగా నడిపిన ఫలితం ఇచ్చారా అని వెతకండి. మొదటి స్కోరుకీ, చివరి స్కోరుకీ ఎంత తేడా ఉందో అదే ఆ ల్యాప్‌టాప్ అసలు గుణం.

ఆరో మెట్టు: అదే డబ్బుతో ఇంకేం వస్తుందో రాయండి

అసెంబుల్డ్ పీసీలో ప్రాసెసర్ ధర మీద మాత్రమే తేడా చూస్తే సరిపోదు. రైజెన్ 5 7600 డబ్బాలో కూలర్ వస్తుంది, 65 వాట్ల చిప్. 7600ఎక్స్ 105 వాట్లు, కూలర్ విడిగా కొనాలి. గరిష్ఠ వేగం 5.1కి బదులు 5.3 గిగాహెర్ట్జ్, నాలుగు శాతం. ఆ నాలుగు శాతానికి చిప్ తేడాతో పాటు కూలర్ ధర, ఒక్కోసారి పెద్ద ఎస్ఎంపీఎస్ (పీసీకి కరెంటు అందించే పెట్టె) ధర కూడా కలపండి. షాపులో చెప్పిన ధరకు 18 శాతం జీఎస్టీ కలిసిందా లేదా కూడా అడగండి. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్)లో రెండు మూడు షాపుల్లో రెండు రకాల కొటేషన్లు రాయించుకుంటే మొత్తం తేడా కళ్లముందు కనిపిస్తుంది. అక్కడ అలా అడగడం మామూలే, మొహమాటపడకండి.

ల్యాప్‌టాప్‌లో నేను మొదట చూసేది ర్యామ్. 8 జీబీ ఒకే స్టిక్‌తో వచ్చే ఐ7 కన్నా, 16 జీబీ రెండు స్టిక్‌లతో ఉన్న ఐ5 చాలామందికి మేలు. జాగా పెరగడం ఒక్కటే కాదు, రెండు స్టిక్‌లు ఉంటే డేటా రెండు దారుల్లో నడుస్తుంది, లోపలి గ్రాఫిక్స్ బాగా పుంజుకుంటుంది. పైన చెప్పిన ఇంటెల్ చిప్‌లలో ఒకే స్టిక్ ఉంటే ఐరిస్ ఎక్స్‌ఈ అని ఉండాల్సిన గ్రాఫిక్స్ విండోస్‌లో యూహెచ్‌డీ అని కనిపిస్తుంది. ఐ7లోని ఆ 96 యూనిట్ల కోసం డబ్బు పెట్టి, ఒకే స్టిక్‌తో వాడితే ఆ డబ్బు వృథా. కొనేముందు ర్యామ్ బోర్డుకే అతికించి ఉందా, ఖాళీ స్లాట్ ఉందా అని తప్పనిసరిగా అడగండి. అతికించి ఉంటే తర్వాత మార్చలేరు, కాబట్టి మొదటే 16 తీసుకోవాలి.

"ఐ7 అయితే ఇంకో రెండేళ్లు ఎక్కువ వస్తుంది" అనే మాట కూడా వింటుంటాం. కోర్లు, క్యాష్ సమానంగా ఉండి ఏడు శాతమే తేడా ఉన్న చిప్‌లు ఒకేసారి పాతబడతాయి. రేపు ఏదైనా సాఫ్ట్‌వేర్ ఐ5ని ఇబ్బంది పెడితే దాని అన్న ఐ7ని కూడా పెడుతుంది. ఎక్కువ కాలం కావాలంటే ర్యామ్, బ్యాటరీ, తెర మడిచే కీలు గట్టిగా ఉన్న బాడీ, మీ ఊరికి దగ్గర్లో సర్వీస్ సెంటర్ చూడండి.

ఏడో మెట్టు: మీ పనికి తగ్గట్టు తేల్చండి

డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ పేజీలు కూర్చే పేజ్‌మేకర్, తెలుగు అక్షరాల అను ఫాంట్లు నడుస్తున్నాయి. పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో. ఇళ్లకు రెండు కోర్ల ప్రాసెసర్లు వచ్చింది 2005లో. ఒకే కోర్ ఉన్న కాలంలో తయారైన ఆ సాఫ్ట్‌వేర్‌కి ఇప్పుడు అమ్ముతున్న ఏ చిప్ అయినా ఎక్కువే. ఆ డబ్బు మంచి మానిటర్ మీద పెట్టండి, అక్షరాలతో రోజంతా గడిపే కళ్లకు అదే అవసరం.

పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవాళ్లకు నా సలహా కాస్త వేరు. కొత్త కెమెరాలు హెచ్ఈవీసీ 10-బిట్ 4:2:2 అనే, వీడియోని బాగా కుదించే ఫార్మాట్‌లో రికార్డ్ చేస్తున్నాయి. టైమ్‌లైన్ మీద ఆ ఫుటేజ్ ఆగి ఆగి నడుస్తుంటే ప్రాసెసర్ సరిపోవడం లేదని పెద్దది కొంటారు. ఆ ఫార్మాట్‌ని నేరుగా విప్పే భాగం ఇంటెల్ 11వ తరం నుంచి ప్రాసెసర్ లోపలి గ్రాఫిక్స్‌లో ఉంది. ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డుల్లో అది ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌తో వచ్చింది. పేరు చివర ఎఫ్ ఉన్న ఇంటెల్ చిప్‌లలో లోపలి గ్రాఫిక్స్ పనిచేయదు, అందుకే అవి కాస్త చవక. కాబట్టి మీరు వేగం కోసం పైమెట్టు ఎఫ్ చిప్ కొనేకన్నా, కిందిమెట్టులో ఎఫ్ లేనిది కొంటే ఎడిటింగ్ హాయిగా సాగుతుంది. మీ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఆ హార్డ్‌వేర్ డీకోడింగ్‌ని వాడుకుంటుందో లేదో ముందు చూసుకోండి. ఈ ఒక్క అక్షరం మీద శ్రద్ధ పెట్టమని ప్రతి స్టూడియోకీ చెప్పాలనిపిస్తుంది.

గేములు ఆడేవాళ్లు ఒక చిన్న పరీక్ష చేయండి. గేమ్ రిజల్యూషన్‌ని 1080 నుంచి 720కి తగ్గించండి. ఎఫ్‌పీఎస్ (సెకనుకు కనిపించే ఫ్రేములు) బాగా పెరిగితే మీకు అడ్డం గ్రాఫిక్స్ కార్డ్, ప్రాసెసర్ మీద పెట్టే డబ్బు అటు మళ్లించండి. ఏమీ పెరగకపోతే ప్రాసెసరే అడ్డం. 60 హెర్ట్జ్ మానిటర్ ఉన్నవాళ్లు, ఎఫ్‌పీఎస్ ఇప్పటికే ఎప్పుడూ 60 కిందకి దిగకపోతే, ఏదీ కొనక్కర్లేదు.

ప్రోగ్రామింగ్ చదివే పిల్లలకు మొదటి రెండేళ్లు సీ, పైథాన్, జావా ల్యాబ్ పనులే. ఏ ఐ5, రైజెన్ 5 అయినా క్షణాల్లో చేసేస్తుంది. ఫోన్ యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియో, కంప్యూటర్‌లోనే ఫోన్‌ని అనుకరించే ఎమ్యులేటర్ మొదలుపెట్టాక ముందు ఇబ్బంది పడేది ర్యామ్ దగ్గరే. ఉద్యోగంలో రోజంతా పెద్ద ప్రాజెక్టులు బిల్డ్ చేసేవాళ్లకు మాత్రం కోర్లు ఎక్కువున్న చిప్ మీద పెట్టిన డబ్బు వస్తుంది. అక్కడ కూడా 0.2 గిగాహెర్ట్జ్ కోసం కాదు, 6 కోర్ల నుంచి 8కి వెళ్లడానికి.

ఎనిమిదో మెట్టు: కొనేటప్పుడు, తెచ్చాక

షోరూమ్‌లో ఒక్క నంబర్ తేడాతో రెండు ల్యాప్‌టాప్‌లు పక్కపక్కనే ఉంటే, మీ పెన్‌డ్రైవ్‌లో మీ సొంత ఫైల్ తీసుకెళ్లి రెండింటిలో తెరిచి చూస్తామని అడగండి. డెమో పీస్ ఉన్నచోట చాలామంది ఒప్పుకుంటారు. బిల్లు మీద పూర్తి మోడల్ నంబర్ ఉండేలా చూడండి.

ఇంటికి తెచ్చాక, రిటర్న్ గడువు లోపలే టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ పేరు బిల్లుతో సరిపోయిందా చూడండి. 7-జిప్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో టూల్స్ కింద బెంచ్‌మార్క్ ఉంటుంది. ఛార్జర్ పెట్టి పది నిమిషాలు దాన్ని నడపండి, స్పీడ్ అంకె ఎక్కడికి పడిపోతుందో గమనించండి. విండోస్ పవర్ మోడ్ బెస్ట్ పెర్ఫార్మెన్స్‌లో పెట్టి ఇంకోసారి చూడండి, కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఈ ఒక్క మార్పే ఐ5కీ, ఐ7కీ మధ్య తేడా కన్నా ఎక్కువ ఇస్తుంది.

అసెంబుల్డ్ పీసీ అయితే బయోస్‌లోకి (విండోస్ కన్నా ముందు తెరుచుకునే బోర్డు సెట్టింగ్స్) వెళ్లి ర్యామ్ వేగం చూడండి. 3200 వేగం అని కొన్న డీడీఆర్4 ర్యామ్ స్టిక్‌లు చాలా బోర్డుల్లో 2133 లేదా 2400 దగ్గరే మొదలవుతాయి. ఇంటెల్ బోర్డుల్లో ఎక్స్‌ఎంపీ, ఏఎండీ డీడీఆర్5 బోర్డుల్లో ఎక్స్‌పో అనే ప్రొఫైల్ ఆన్ చేస్తేనే మీరు డబ్బు కట్టిన వేగం వస్తుంది. అసెంబుల్ చేసిన షాపులోనే, మీ ముందే దాన్ని ఆన్ చేయించుకుని, టాస్క్ మేనేజర్‌లో మెమరీ స్పీడ్ చూసి ఆ తర్వాతే క్యాబినెట్ మూయించండి.